అద్దం అలిగిందా?

కారు తలుపు మీద బుల్లి మీట. నొక్కితే బయటి అద్దం అటూ ఇటూ కదలాలి. ఓ రోజు ఉన్నట్టుండి కదలదు. ‘మొత్తం మార్చాల్సిందే’ అనే మాట గ్యారేజీలో వినపడుతుంది. నిజంగా మార్చాలా? లేక చిన్న వైరు ముక్కతో పోయే జబ్బుకి వేలకు వేలు పోస్తున్నామా? కరెంటు ఎక్కడ ఆగిపోయిందో పట్టుకోవడం తెలిస్తే... అద్దం అలక ఇట్టే తీరిపోతుంది!

ఆదివారం పొద్దున్నే కారు కడిగారు. గుడ్డపెట్టి తుడిచే హడావుడిలో ఎడమవైపు అద్దం కాస్త కిందికి వాలింది. ‘ఫర్వాలేదు, మీట ఉందిగా’ అనుకుంటూ సీట్లో కూర్చుని నొక్కారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కుడివైపు అద్దం మాత్రం చెప్పినట్టు వింటోంది.

గ్యారేజీకి తీసుకెళ్తే ఓ చూపు చూసి, ‘లోపల మోటారు పోయిందండీ, అద్దం సెట్టు మొత్తం మార్చాలి’ అన్నారు. రంగు వేసిన కవరూ, మోటార్లూ, గాజూ అన్నీ కలిపి ఒకే సామాను. బిల్లు వేలల్లో. సరేనని మార్పించారు. కొత్త అద్దం తళతళలాడుతోంది. మీట నొక్కారు. అదీ కదల్లేదు!

కార్లున్నవాళ్లకి ఇలాంటి కథ కొత్తేమీ కాదు. ఆ ఎడమ అద్దానికి వచ్చిన జబ్బు అసలు అద్దంలో లేదు. ఎడమవైపే లేదు. కుడివైపు, డ్రైవరు తలుపు కీళ్ల దగ్గర, నల్లటి రబ్బరు గొట్టం లోపల ఓ సన్నని వైరు తెగి ఉంది. ఎడమ అద్దం చెడిపోతే కుడి తలుపులో వెతకడమేమిటి? అక్కడే ఉంది మజా అంతా. ఆ సంగతి తెలియాలంటే ముందు ఆ అద్దం లోపల ఏముందో చూడాలి.

రెండు మోటార్లు... మూడు వైర్లు

పైకి, కిందికి, కుడికి, ఎడమకి... అద్దం నాలుగు దిక్కులా తిరుగుతుంది కాబట్టి నాలుగు మోటార్లుంటాయేమో అనిపిస్తుంది. ఉండేవి రెండే. ఒకటి పైకీ కిందికీ తిప్పుతుంది. రెండోది పక్కలకు తిప్పుతుంది. రెండూ పిల్లల బొమ్మకార్లలో ఉండేలాంటి బుల్లి మోటార్లే. కాకపోతే కారు బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులతో తిరుగుతాయి.

మరి ఒకే మోటారు పైకీ కిందికీ ఎలా తిప్పుతుంది? బొమ్మకారులో బ్యాటరీలను తిరగేసి పెడితే ఏమవుతుంది? ముందుకు పోవాల్సిన కారు వెనక్కి పోతుంది. ఇక్కడా అదే సూత్రం. మీటను పైకి నొక్కినప్పుడు ఓ వైరులోంచి పాజిటివ్ వెళ్తుంది, రెండోది నెగెటివ్ అవుతుంది. కిందికి నొక్కితే అవే వైర్లు, అదే మోటారు... పాజిటివ్, నెగెటివ్‌లు మాత్రం తారుమారవుతాయి. అద్దాన్ని తిప్పేది మోటారే అయినా, ఎటు తిప్పాలో చెప్పేది స్విచ్చి అన్నమాట.

రెండు మోటార్లకు లెక్కప్రకారం నాలుగు వైర్లు కావాలి. కానీ చాలా కార్లలో మూడే ఉంటాయి. ఒక్కో మోటారుకి ఒక్కోటి, రెండింటికీ కలిపి ఉమ్మడిగా ఇంకోటి. దీన్నే ‘కామన్’ అంటారు. అద్దం దానంతటదే మడుచుకునే సదుపాయం ఉంటే దానికో మోటారు అదనం. మంచు, తేమ ఆరిపోయేలా గాజును వేడిచేసే ఏర్పాటుంటే దాని వైర్లు వేరు. ఎన్ని హంగులున్నా కదలికకు సంబంధించినంత వరకు ఈ మూడు వైర్లదే రాజ్యం. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం జబ్బులు సీట్లో కూర్చునే పట్టేయొచ్చు.

ముందు చెవులకు పని

పానా, స్క్రూడ్రైవరు తీయడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. కిటికీ దించి, రేడియో ఆపి, మీట నొక్కి... వినాలి.

‘జుయ్‌’మని సన్నటి శబ్దం వస్తోందా? అయితే కరెంటు అందుతోంది. మోటారు తిరుగుతోంది. గాజు మాత్రం కదలట్లేదంటే లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రాలు అరిగిపోయి ఉండాలి. లేదంటే గాజు దాని పట్టులోంచి ఊడి ఉండాలి. ఇది కరెంటు జబ్బు కాదు. ఎన్ని ఫ్యూజులు మార్చినా లాభం లేదు.

‘టిక్ టిక్’మంటోందా? గాజు ఓ అంచుకు చేరాక ఆ శబ్దం వస్తే కంగారు పడక్కర్లేదు. గాజు ఆగినా మోటారు కాలిపోకుండా లోపల జారిపోయే ఏర్పాటు ఒకటి ఉంటుంది. అది చేసే చప్పుడే ఇది. అంచుకు చేరకుండా మధ్యలోనే టిక్కుటిక్కుమంటుంటే మాత్రం దుమ్మో, అరుగుదలో అడ్డుపడుతోందని అర్థం.

అసలు చప్పుడే లేదా? అప్పుడు కరెంటు వెంట పరుగెత్తాలి.

పనిచేసేదే సాక్షి!

పాడైనదాన్ని చూస్తూ కూర్చుంటే ఏమీ తెలియదు. పనిచేస్తున్నదాన్ని చూడాలి. ఏది పనిచేస్తోందో అది కొన్ని భాగాలను నిర్దోషులుగా బయటపడేస్తుంది. మిగిలినవాళ్లలోనే దొంగ ఉంటాడు. నాలుగంటే నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

రెండద్దాలూ కదలట్లేదా? రెండింటిలోని నాలుగు మోటార్లూ ఒకేరోజు పోవడం దాదాపు జరగదు. తప్పు రెండింటికీ ఉమ్మడిగా ఉన్నచోటే ఉంటుంది... ఫ్యూజు, స్విచ్చికి వచ్చే కరెంటు, దాని ఎర్తు, లేదంటే స్విచ్చే.

ఒక్క అద్దమే కదలట్లేదా? అయితే ఫ్యూజు బాగున్నట్టే. స్విచ్చికి కరెంటు వస్తున్నట్టే. నాలుగు దిక్కుల మీట కూడా బాగున్నట్టే. ఎందుకంటే అదే మీటతో రెండో అద్దం తిరుగుతోంది. ఇక మిగిలిన అనుమానితులు మూడు... ‘ఎడమ-కుడి’ ఎంచుకునే మీటలో ఆ వైపు కాంటాక్టు, అద్దానికి వెళ్లే వైర్లు, అద్దం లోపలి భాగం. రెండు మోటార్లూ ఒకేసారి మొరాయించాయి కాబట్టి ముందు అనుమానించాల్సింది కామన్ వైరునీ, కనెక్టరునీ.

ఒక్క అద్దం, అందులోనూ పైకీ కిందికీ కదులుతూ పక్కలకు మాత్రం కదలట్లేదా? కామన్ వైరు నిర్దోషి. అది తెగితే రెండూ ఆగేవి. పక్కలకు తిప్పే మోటారుగానీ, దాని వైరుగానీ, స్విచ్చిలో ఆ కాంటాక్టుగానీ అయ్యుండాలి. రెండో అద్దం పక్కలకు బాగానే తిరుగుతుంటే స్విచ్చి మీద అనుమానం ఇంకాస్త తగ్గుతుంది.

పైకి వెళ్తుంది, కిందికి మాత్రం రాదా? ఇది అన్నింటికన్నా తేలిక. పైకి తిప్పిన మోటారే కిందికీ తిప్పాలి. వైర్లూ అవే. పైకి వెళ్లిందంటే మోటారూ, వైర్లూ పదిలంగా ఉన్నట్టే. గాజు ఎక్కడా అడ్డుపడకపోతే తప్పు స్విచ్చిలోని కాంటాక్టుదే. ఇలాంటి బండికి అద్దం సెట్టు మార్చడమంటే కాలు నొప్పికి చెప్పులు మార్చినట్టే!

ఫ్యూజు రంగు చూశారా?

రెండద్దాలూ ఆగిపోతే మొదట చూడాల్సింది తాళం. ఇంజిను నడవక్కర్లేదుగానీ చాలా కార్లలో తాళం కనీసం యాక్సెసరీ స్థానం వరకైనా తిప్పితేనే అద్దాలకు కరెంటు వెళ్తుంది. తర్వాత ‘ఎడమ-కుడి’ మీట. అది నడిమధ్యలో ఉంటే ఏ అద్దమూ కదలదు. పొరపాటున చెయ్యి తగిలి అద్దాలు కదలకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు. చాలామంది దీన్నే జబ్బనుకుని గ్యారేజీకి వెళ్తుంటారు.

ఆ రెండూ సరిగానే ఉంటే ఫ్యూజు పెట్టె తెరవాలి. ఏ ఫ్యూజు దేనికో మూత మీదో, కారుతో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. కొన్ని మోడళ్లలో అద్దాలకూ, సెల్‌ఫోను చార్జరు పెట్టుకునే సాకెట్టుకూ ఒకటే ఫ్యూజు. సాకెట్టులో టైర్లకు గాలి కొట్టే పంపు పెట్టి వాడాక అద్దాలు పనిచేయడం మానేశాయంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. పంపు లాగిన కరెంటుకి ఫ్యూజు కాలిపోయింది. అద్దాలు దాని వెంటే పోయాయి.

ఫ్యూజుల రంగులకూ ఓ లెక్కుంది. లేత గోధుమరంగు 5 ఆంపియర్లు, ముదురు గోధుమరంగు ఏడున్నర, ఎరుపు 10, నీలం 15, పసుపు 20. ఎరుపు తీసినచోట ఎరుపే పెట్టాలి. ‘ఇంట్లో పసుపుదే ఉంది, సర్దుకుపోదాం’ అంటే అసలుకే మోసం. సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టి పెట్టడం అంతకన్నా ప్రమాదం. ఫ్యూజు కాలేది వైరు కాలకూడదనే. దాన్ని కాలనివ్వకపోతే తలుపు లోపల వైరు కాలుతుంది. అద్దం బాగుపడటం మాటటుంచి మంటలే లేవొచ్చు. కొత్త ఫ్యూజు పెట్టీ పెట్టగానే మళ్లీ కాలిందంటే ఎక్కడో వైరు ఒరిసి కారు బాడీకి తగులుతోందని అర్థం. ఆ చోటు దొరికేదాకా మరో ఫ్యూజు పెట్టకూడదు.

తలుపు సందులో దొంగ

ఇప్పుడు మొదటి కథలోని ఎడమ అద్దం దగ్గరకు వద్దాం.

మన దేశంలో డ్రైవరుండేది కుడివైపు. చాలా కార్లలో అద్దాల స్విచ్చి డ్రైవరు తలుపు మీదే ఉంటుంది. అంటే కుడి అద్దానికి వెళ్లే వైర్లు ఆ తలుపు దాటి బయటకు రావాల్సిన పనే లేదు. స్విచ్చి నుంచి అద్దానికి మూరెడు దూరం. మరి ఎడమ అద్దానివో? డ్రైవరు తలుపులో బయల్దేరి, కీళ్ల దగ్గరి రబ్బరు గొట్టంలోంచి కారు లోపలికి వచ్చి, డ్యాష్‌బోర్డు కిందుగా అటుపక్కకు వెళ్లి, ఎడమ తలుపు కీళ్ల దగ్గర ఇంకో గొట్టం దాటి అద్దాన్ని చేరాలి. దారిలో రెండు గండాలు. అందులో మొదటిదే పెద్దది.

ఎందుకంటే కారులో అన్నింటికన్నా ఎక్కువసార్లు తెరుచుకునేది డ్రైవరు తలుపే. రోజుకు పదిసార్లు తెరిచి మూసినా ఏడాదికి 3650 సార్లు. అన్నిసార్లూ ఆ గొట్టంలోని వైర్లు వంగి లేవాల్సిందే. ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ వంచుతుంటే కాసేపటికి పుటుక్కుమంటుంది కదా... అదే ఇక్కడ ఏళ్లతరబడి జరుగుతుంది. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరదు. లోపలి రాగి పోగులు మాత్రం ఒక్కొక్కటే తెగిపోతాయి. కంటితో చూస్తే వైరు నిక్షేపంగా ఉన్నట్టే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి ఓ తేలికైన కిటుకుంది. ఒకరు మీట నొక్కిపట్టి ఉంచాలి. ఇంకొకరు తలుపును మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉండాలి. ఏదో ఒక వంపు దగ్గర అద్దం ఒక్కసారి ఉలిక్కిపడిందా... దొంగ దొరికినట్టే. రబ్బరు గొట్టాన్ని చేత్తో అటూ ఇటూ కదిపినా ఇదే తెలుస్తుంది. తలుపు తెరిస్తే ఒకలా, మూస్తే ఒకలా ప్రవర్తించే జబ్బు ఏదైనా సరే... కిటికీ అద్దాలు, సెంట్రల్ లాకు, తలుపులోని స్పీకరు... ముందు ఈ గొట్టంలోకే తొంగిచూడాలి.

తెగినచోట రెండు కొసలూ మెలిపెట్టి టేపు చుట్టేస్తే వెంటనే పనిచేస్తుంది. కొన్నాళ్లకు మళ్లీ తెగుతుంది. వంగేచోట అతుకు ఉండకూడదు. కాస్త పొడవైన కొత్త వైరు ముక్కను గొట్టం మొత్తం దాటించి, అతుకులు అటు తలుపులోపలా ఇటు కారులోపలా వంపు లేనిచోట పడేలా వేయాలి. పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌కి ఇది కొత్త విద్యేం కాదు. వైరు ఖర్చు తక్కువే. ఓపిక ఖర్చే ఎక్కువ.

మీటరూ అబద్ధమాడుతుంది!

డోర్‌ ప్యాడ్ విప్పి అద్దం కనెక్టరు బయటకు తీస్తే అసలు తీర్పు అక్కడ దొరుకుతుంది. మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టి, మీట నొక్కిపట్టి, కామన్‌కీ మోటారు వైరుకీ మధ్య చూడాలి. ఒకవైపు నొక్కితే 12 వోల్టుల దరిదాపులో, రెండోవైపు నొక్కితే అదే అంకె ముందు మైనస్ గుర్తుతో కనిపించాలి. అలా రెండు రకాలుగానూ వచ్చిందంటే స్విచ్చీ, వైర్లూ తమ పని తాము చేస్తున్నట్టే. అప్పుడే, అప్పుడు మాత్రమే అద్దాన్ని అనుమానించాలి.

అయితే ఇందులోనూ ఓ మెలిక ఉంది. మల్టీమీటరు తనకోసం కరెంటును దాదాపు వాడుకోదు. అందుకే ఇరవై పోగుల వైరులో పంతొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా అది 12 వోల్టులనే చూపిస్తుంది. మోటారు పెట్టేసరికి ఆ ఒక్క పోగు సరిపడా కరెంటును మోయలేక చతికిలబడొచ్చు. నల్లాలో నీళ్లున్నాయా అని వేలు పెట్టి చూడటానికీ, బిందె పట్టి చూడటానికీ తేడా లేదూ! అందుకే పాతకాలం ఎలక్ట్రీషియన్లు చిన్న బల్బు ఉన్న టెస్ట్ ల్యాంపుతో చూస్తారు. బల్బు కరెంటును నిజంగా వాడుకుంటుంది. నిండుగా వెలిగితే వైరు బాగున్నట్టు. మిణుకుమిణుకుమంటే ఎక్కడో సన్నబడినట్టు. మీటరే ఉంటే మోటారు కనెక్టరు తగిలించి ఉండగానే వోల్టేజీ చూడాలి. మీట నొక్కినప్పుడు అంకె జారిపోతే దారిలోనే దోపిడీ జరుగుతోందన్నమాట.

అద్దం నిర్దోషా, దోషా తేల్చడానికి ఇంకో పరీక్ష మరీ తేలిక. కనెక్టరు ఊడదీసి, బజారులో దొరికే 9 వోల్టుల చిన్న బ్యాటరీని కామన్‌కీ, ఓ మోటారు వైరుకీ నేరుగా తాకించాలి. గాజు కదిలితే మోటారు బతికే ఉంది. బ్యాటరీ కొసలు మార్చి తాకిస్తే వెనక్కి రావాలి. ఈ నిమిషం పరీక్ష చేసి ఉంటే మొదటి కథలో ఆ వేల రూపాయల బిల్లు పడేదే కాదు.

ఒక జాగ్రత్త... తలుపులోగానీ, స్టీరింగు కిందగానీ పసుపుపచ్చ తొడుగులున్న వైర్లూ, కనెక్టర్లూ కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగులకు సంబంధించినవి. వాటి జోలికి వెళ్లకూడదు. టెస్ట్ ల్యాంపు అసలే పెట్టకూడదు.

వాన, ఎలుక, సొంత హంగులు

తలుపు లోపలికి నీళ్లు రావడం సహజం. కిటికీ అద్దం వెంబడి దిగిన వాననీరు అడుగున ఉన్న రంధ్రాల్లోంచి పోతుంది. లోపలి ప్లాస్టిక్ షీటు చిరిగినా, స్పీకర్లు బిగించేటప్పుడు దాన్ని సరిగా అంటించకపోయినా తేమ కనెక్టర్లకు చేరుతుంది. రాగి మీద ఆకుపచ్చ తుప్పు పడుతుంది. వానాకాలంలో మొరాయించి, ఎండ కాయగానే పనిచేసే అద్దానిది చాలావరకు ఈ జబ్బే. కాంటాక్టు క్లీనరు కొట్టి, తుడిచి, ఆరనిస్తే చాలాసార్లు తేరుకుంటుంది.

కారును రోజుల తరబడి కదపకుండా ఉంచితే ఎలుకలు చేరతాయి. వైర్లు కొరికితే జబ్బు ఒక్క అద్దంతో ఆగదు. అద్దంతో పాటు సంబంధం లేని లైటో, హారనో కూడా మూగబోయిందంటే బానెట్ ఎత్తి చూడాల్సిందే.

ఇక బయట పెట్టించుకునే హంగులు. కారుకు తాళం వేయగానే అద్దాలు మడుచుకునే కిట్టు, అలారం, కొత్త స్టీరియో... వీటికోసం ఉన్న వైర్లను మధ్యలో కోసి కలుపుతుంటారు. అద్దం పాడవడానికి కొద్దిరోజుల ముందు ఇలాంటి పని ఏదైనా జరిగిందా అని గుర్తుచేసుకోవాలి. జరిగి ఉంటే తొలి అనుమానం ఆ టేపు చుట్టిన అతుకు మీదే.

కొత్త కార్ల తీరే వేరు

ఇప్పటివరకు చెప్పిందంతా స్విచ్చి నుంచి కరెంటు నేరుగా మోటారుకు వెళ్లే కార్ల సంగతి. ఖరీదైన కార్లలోనూ, కొత్తవి చాలావాటిలోనూ మీట కరెంటు పంపదు, కబురు పంపుతుంది. తలుపులో ఉండే చిన్న కంప్యూటరు ఆ కబురు విని మోటారును తిప్పుతుంది. వీటికి టెస్ట్ ల్యాంపు పనికిరాదు. ఆ సన్నని సంకేతాల వైర్లకు బల్బు తగిలిస్తే లేని జబ్బు తెచ్చిపెట్టినట్టవుతుంది. స్కానరు పెట్టి చూడాలి. మీట నొక్కినప్పుడు ఆ కబురు కంప్యూటరుకు చేరుతోందో లేదో అదే చెబుతుంది. స్కానరు నుంచే మోటారును తిప్పి చూసే వీలు కూడా కొన్నింటిలో ఉంటుంది.

అలాగని స్కానరు మాటే వేదం కాదు. ‘ఎడమ అద్దం మోటారు సర్క్యూటులో లోపం’ అని తెర మీద వస్తే మోటారు పోయిందని అర్థం కాదు. ఆ దారిలో ఎక్కడో తప్పుందని అర్థం. ఆ దారిలో వైరుంది, కనెక్టరుంది, తలుపు సందుంది. యంత్రం వీధి పేరు చెబుతుంది. ఇల్లు వెతుక్కోవాల్సింది మనిషే.

వెనక చూసే మనిషి

ఇంత చిన్న అద్దానికి ఇంత రాద్ధాంతమా? 1911లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో మొట్టమొదటి 500 మైళ్ల కారు పందెం జరిగింది. ఆ రోజుల్లో పందెం కార్లలో డ్రైవరు పక్కన ఓ మెకానిక్కు కూర్చునేవాడు. వెనక ఎవరొస్తున్నారో చూసి చెప్పడం అతని పనుల్లో ఒకటి. రే హారూన్ అనే డ్రైవరు మాత్రం ఒక్కడే వచ్చాడు. మిగతావాళ్లు అభ్యంతరం చెప్పారు. పక్కన మనిషికి బదులు ఆయన తన కారుకు ఓ అద్దం బిగించుకున్నాడు. పందెం గెలిచాడు కూడా.

అంటే ఆ అద్దం నిలబడింది ఓ మనిషి స్థానంలో. అది వాలిపోయి ఉంటే పక్కనున్న మనిషి నిద్రపోతున్నట్టే. మన రోడ్ల మీద ఎడమవైపు సందులోంచి దూసుకొచ్చే స్కూటర్లూ, సైకిళ్లూ, ఆగిన బస్సు దిగి నడిచేవాళ్లూ అందరూ కనిపించాల్సింది ఆ ఎడమ అద్దంలోనే. ఒకప్పుడు చాలా చిన్నకార్లకు అటువైపు అద్దమే ఉండేది కాదు. ఉన్నదాన్ని ‘తర్వాత చూద్దాంలే’ అని వదిలేస్తే ఆ రోజులకు తిరిగి వెళ్లినట్టే. బాగుచేయించేదాకా కారు కదిలే ముందే గాజు అంచును అరచేత్తో మెల్లగా నొక్కి సరిచేసుకోవచ్చు. చాలా అద్దాలు అందుకు ఒప్పుకుంటాయి. నడుస్తున్న కారులో మాత్రం ఆ పని చేయకూడదు.

గ్యారేజీకి వెళ్లాక అడగాల్సిన ప్రశ్న ఒక్కటే... ‘కనెక్టరు దగ్గరకు కరెంటు వస్తోందా? ఒకసారి చూపిస్తారా?’ మంచి పనివాడు ఆ మాటకు నొచ్చుకోడు. ల్యాంపు తగిలించి చూపిస్తాడు. వెలిగితే అద్దం మార్చాల్సిందే, బిల్లు న్యాయమైందే. వెలగకపోతే అద్దం జోలికి వెళ్లకుండా తలుపు దగ్గరికి నడుస్తాడు. రబ్బరు గొట్టం వెనక్కి లాగి, ఒక్కో వైరునూ మెల్లగా పట్టి చూస్తాడు. వాటిలో ఒకటి రబ్బరులా సాగుతుంది. లోపల రాగి లేదన్నమాట!

ఇంకో అరగంటకు మీట నొక్కితే జుయ్‌మంటూ అద్దం పైకి లేస్తుంది. అందులో కారు వెనక తలుపూ, రోడ్డూ, దూరంగా వస్తున్న స్కూటరూ... అన్నీ మళ్లీ కనిపిస్తాయి.